సగమే చేరిన మాట

"దాన్ని లోపలికి తెస్తే నేను బయటికి పోతాను."

కజుయో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. భూకంపం తరవాత వేసిన రెండు వరసల తాత్కాలిక ఇళ్ళ మధ్య ఇరుకు సందులో, కరిగీ కరగని మంచు బురదలో, రియోజి ఆటల కంప్యూటర్ పక్కకు ఒరిగి పడి ఉంది. పరుపుల అలమరలోంచి లాగి ఇందాక ఆమే విసిరింది. మంచుతో కలిసిన వాన దాని రంధ్రాల్లోకి నింపాదిగా కారుతోంది.

రియోజి దాన్ని ఎత్తలేదు. దాని పక్కనే నిలబడి భార్య వంక చూశాడు.

"తడిసిపోతోంది," అన్నాడు.

"తడవనీండి."

"అది కాదు. నీ కాళ్ళు. చెప్పుల్లేకుండా నిలబడ్డావు."

కజుయో కిందికి చూసుకుంది. మేజోళ్ళు మడమల దాకా నల్లబడ్డాయి. ఆ మాట ఆయన అనకుండా ఉంటే బాగుండేది. కోపానికి అడ్డం వచ్చే మాటలు అనడం మొదటినుంచీ ఆయనకు అలవాటు.

పక్కింటి టీవీ గొంతు తగ్గింది. ఈ రేకు గోడల మధ్య ఎవరింట్లో గొడవ మొదలైనా ముందు జరిగేది అదే. అందరూ టీవీలు తగ్గించుకుంటారు.

"మినెకో గారి ఇల్లు నిన్న పడగొట్టేశారు. తెలుసా మీకు?"

"తెలుసు."

"పడిపోయే ఇల్లే. పడగొట్టాల్సిందే. కానీ లోపల ఆవిడ మొగుడు ఉన్నాడు."

"ఆయన పోయి చాలా ఏళ్ళయింది కదా."

"వీడియో టేపుల్లో ఉన్నాడు! ఆవిడకి చెవులు వినపడవు, ఆయనకీ అంతే. మన ఇంట్లో మామయ్యగారి గొంతు కేసెట్‌లో ఉన్నట్టు, ఆవిడ ఇంట్లో ఆయన చేతులు ఉన్నాయి. చేతులతో చెప్పిన కథలు, కబుర్లు, ఆవిణ్ణి తిట్టిన తిట్లతో సహా. యంత్రం పళ్ళు పెట్టి మొత్తం ఒక్కసారే లాగేసిందట. ఆవిడ అక్కడే నిలబడి చూసింది. ఎవరో ఒకరు టేపుల పెట్టె తెచ్చి చేతికిస్తారని చూస్తూ నిలబడింది."

రియోజి కళ్ళు బురదలోని యంత్రం మీదికి దిగాయి.

"ఎందుకలా నిలబడింది? ఇళ్ళు పడగొట్టే విషయం మీద పెట్టిన మీటింగులో అధికారి ఏమన్నాడో నా చెవులతో విన్నాను. 'లోపల మిగిలిన సామాన్లు మేము బయటికి తీసి అప్పగించడం జరగదు, మీరే ముందు చెప్పుకుని తీసుకువెళ్ళాలి' అన్నాడు. ఆవిడ చేతిలో తెర మీదికి ఎంత వచ్చిందో తెలుసా? 'లోపల మిగిలిన సామాన్లు మేము బయటికి తీసి అప్పగించడం.' అంతే! తరవాతి మాట నాది. ఈ వేళ్ళతోనే కొట్టాను. నా తెర మీద కనబడింది కూడా. ఈ ఇంటి గడప మాత్రం దాటలేదు."

చెవిటివాళ్ళ కోసం మాటల్ని అప్పటికప్పుడు అక్షరాల్లోకి మార్చే పనిలో ఇద్దరు జంటగా కూర్చుంటారు. మాట్లాడేవాడి వేగాన్ని ఒక్కరి వేళ్ళు అందుకోలేవు కాబట్టి, వాక్యం మొదలు ఒకరు కొడితే చివర మరొకరు అందుకుంటారు. ఎక్కడో జిల్లా పట్నంలో కూర్చుని ఒరిహారా గారు మొదలు కొడుతుంది. ఇక్కడ రేకు గదిలో కూర్చుని కజుయో చివర కొడుతుంది. ఈ భాషలో అవునో కాదో తేలేది వాక్యం చివరనే. చివర రాకపోతే చదివేవాళ్ళు తమకు కావలసిన ముగింపు పెట్టుకుంటారు. మినెకో 'జరుగుతుంది' అని పెట్టుకుంది.

"గడప ఎందుకు దాటలేదంటే గిగా లేదు కాబట్టి! ఎందుకు లేదు? నెల వాటా అంతా తమరి ఆట మింగేసింది కాబట్టి!"

ఇంటర్నెట్ వాటాను ఇక్కడ ముసలివాళ్ళు కూడా గిగా అనే అంటారు. ఈ వరసలకు తీగ రాలేదు. కిటికీలో పెట్టుకున్న చిన్న డబ్బాయే దిక్కు. దానికి నెలకింత అని వాటా. వాటా అయిపోతే గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు నెలాఖరు దాకా అలా కొట్టుకులాడుతూ ఉంటుంది.

"కొత్త సంవత్సరం నుంచి నేను దాన్ని ముట్టుకోలేదని చెప్పాను కదా," అన్నాడు రియోజి.

"ముట్టుకోనక్కర్లేదుట. నిద్రపుచ్చి వదిలేస్తే చాలుట. మనం పడుకున్నాక అది లేచి, తనకు కావలసిన కొత్త సరుకంతా లోపలికి దింపుకుంటుందిట. నిన్న మా రాత బృందం వాళ్ళే చెప్పారు. అలమరలోంచి గుయ్యిమని చప్పుడు నేను వినలేదనుకున్నారా?"

"ఆ చప్పుడు నా దానిలోంచి కాదు."

"మరి పరుపుల్లోంచి వచ్చిందా?"

లోపల కాళ్ళు వెచ్చబెట్టుకునే పొట్టి కాళ్ళబల్ల దుప్పటి కింద మోకాళ్ళు దాచుకుని కూర్చున్న అత్తగారు ఉమెనో అందుకుంది. "ఏమిట్రా ఈ గిగా? కిరోసిన్ లాంటిదేగా. మూత బిగించి పెడితే ఎందుకు తగ్గుతుంది? ఎవరో ఒకరు వాడితేనే తగ్గుతుంది."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటాను. ఈ ఇంట్లో ఊరుకోవడం తప్ప నాకు పనేముంది?"

"వాడింది ఎవరో అత్తయ్యగారికి కూడా తెలుసు," అంది కజుయో. "చేపల రేవు మూతబడ్డప్పటి నుంచి మీరు ఆ ఆటల డబ్బా ముందు కూర్చుంటే నేను ఒక్క మాటన్నానా? మనసు బాగోలేదు, పోనీలే అనుకున్నాను. మానేశానన్నారు. నమ్మాను. నువ్వు మానలేదు! నువ్వు దొంగచాటుగా..."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. లోపల ఉమెనో చేతిలో టీ గిన్నె చప్పుడు చేస్తూ బల్ల మీదికి దిగింది.

రియోజి ముఖంలో కోపం రాలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు తల ఆడించాడు.

"సరే. నేనే."

"ఏమిటి నేనే?"

"నా ఆటే తినేసింది. నేనే."

వంగి ఆ యంత్రాన్ని రెండు చేతులా ఎత్తాడు. దాన్ని వంచితే బురదనీళ్ళు ధారగా కారాయి. చూరు కింద గ్యాస్ బండల పక్కన దాన్ని జాగ్రత్తగా నిలబెట్టి, తలుపు వెనక కోటు అందుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడికి అని ఆమె అడగలేదు. పక్కింటి టీవీ మళ్ళీ గొంతు పెంచుకుంది.

*

ఉమెనో ముల్లంగి ఊరగాయ ముక్క కరకరా నములుతోంది. ఎనభై ఏళ్ళు దాటినా ఆవిడ పళ్ళు గట్టివి. నమలడం ఆపకుండానే అంది:

"వాడు అబద్ధమాడితే చెవి గోక్కుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే."

కజుయో తడి మేజోళ్ళు విప్పి హీటరు ముందు ఆరేసింది.

"ఇవాళ గోక్కోలేదు."

"అత్తయ్యగారూ, మధ్యాహ్నం ఒరిహారా గారు పిలుస్తారు. ఏం జరిగిందో చెప్పాలి నేను. కాస్త ఊరుకోండి."

"మొదలు 'నేను కాదు' అన్నప్పుడూ గోక్కోలేదు, చివర 'నేనే' అన్నప్పుడూ గోక్కోలేదు. అదే నాకు అర్థం కాలేదు."

కజుయో అలమర తెరిచి, పరుపుల పై అరలోంచి తన పని కంప్యూటర్ తీసింది. బృందం ఇచ్చిన యంత్రం అది. అట్టలా మడిచే చిన్నది. మూత వెచ్చగా తగిలింది. హీటరు గాలి పైకి వెళుతుంది కాబట్టి అనుకుంది.

మూత తీసింది. తీగ తగిలించింది. తెర వెలిగింది.

ముందు పిల్లనగ్రోవి, ఆ వెంటనే చిన్న డోలు. ఎర్రని అంగరఖా తొడుక్కున్న నక్క ఒకటి తెర మధ్యలోకి గెంతి, రెండు చేతులూ జోడించి వంగింది.

'చాలా రోజులైంది! మీ కోసం కొత్త లోకం సిద్ధంగా ఉంచాం. లోపలికి రండి!'

"అరె!" ఉమెనో ముఖం ఒక్కసారి విప్పారింది. "నా పూలచీట్ల పాట!"

కజుయో నక్క కిందున్న దుకాణం పేరు చదివింది.

భూకంపం తరవాత బడి వ్యాయామశాలలో, అట్టపెట్టెల గోడల మధ్య, ఉమెనో చేతులు వణకడం ఆగేది కాదు. నేల చిన్నగా కదిలినా ఆవిడ కొడుకు చొక్కా పట్టుకునేది. ఎప్పుడూ ఆడుకునే పూల బొమ్మల పేక, ఆ పూలచీట్లు, ఉంటే బాగుండునే అంది ఒకరోజు. చీట్లు కూలిన ఇంటి కింద ఉన్నాయి. కజుయో పని యంత్రంలో వెతికితే ఆటల దుకాణం ఒకటి దొరికింది. పూలచీట్లాట ఊరికే ఇచ్చింది. దానితో పాటు రాక్షసులూ కోటలూ ఉన్న పెద్ద ఆట కూడా ఉచిత కానుక, పుచ్చుకుంటారా అని అడిగింది. ఊరికే వస్తే పోయేదేముంది? పుచ్చుకుంటానని నొక్కింది. బడిలో గిగాకి లెక్క ఉండేది కాదు.

ఈ ఇంటికి వచ్చాక ఉమెనోకి నిజం చీట్లే ఎవరో కొనిచ్చారు. కజుయో తెర మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి ఆ దుకాణాన్ని మూసేసింది. కిటికీ మాయమైంది. మూసేశాననే అనుకుంది. అది వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఆ రాక్షసుల ఆటకు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా చీకట్లో పరుపుల మధ్య లేచి దింపుకుంది. ఆమె మూత వేసి నిద్రపుచ్చిన యంత్రమే. గుయ్యిమన్నది ఇదే.

"ఆ పాట ఇంకా వస్తోందేమే? నేను ఆడి ఎన్నాళ్ళయింది!"

ఉమెనో మాట మధ్యలో ఆగింది. చదువు తక్కువే గానీ ఆవిడకు బుర్ర తక్కువ కాదు. తెర మీది నక్క వంక, కోడలి ముఖం వంక, ఖాళీగా ఉన్న గుమ్మం వంక చూసింది.

"కిరోసిన్ కారిపోయింది ఇక్కడా?"

కజుయో తల ఊపింది.

"అంటే నా ఆట వల్లా? మినెకో మొగుడు పోయింది నా వల్లంటావా?"

"కాదు అత్తయ్యగారూ. పెట్టింది నేను. మీరేం చేశారు?"

"మరి నా కొడుకేం చేశాడు?"

కజుయో చెప్పుల కోసం వెతికింది. ఆ తొందరలో మొగుడి రబ్బరు జోళ్ళే దొరికాయి. అవి వేసుకుని పరుగెత్తింది.

*

మినెకో ఇప్పుడు ఉంటున్న రేకు ఇల్లు చివరి వరసలో. సందు మలుపులోనే కజుయో ఆగిపోయింది.

రియోజి మోకాళ్ళ మీద ఉన్నాడు. మినెకో గుమ్మం ముందు చెక్కమెట్టు తడిసి నల్లగా ఉంది. నుదురు ఆ చెక్కకు ఆనించాడు. పక్కన గులాబీ కాగితం చుట్టిన మిఠాయి పెట్టె, దాని మీద ఆయన రాసిన చీటీ ఉన్నాయి. కొండదిగువ దుకాణం దాకా వెళ్ళి కొని తెచ్చి ఉంటాడు. కోటు వీపు మీద వాన చిన్న చిన్న మచ్చలు చేస్తోంది. ఎదురిళ్ళ కిటికీల్లో తెరలు ఒకటొకటిగా పక్కకు జరిగాయి.

మినెకో గుమ్మంలో నిలబడి ఉంది. కుట్టుపని చేసే మనిషి. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ఆవిడ లెమ్మని చేత్తో సైగ చేసింది. ఆయన చూడలేదు. నేలకు ఆనిన తలకు సైగలు ఎలా కనబడతాయి? ఆవిడ కూర్చుని, భుజం తట్టి, మెడకు కట్టుకున్న రాతపలక మీద ఏదో రాసి ముఖం ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్ళీ వంగాడు.

పిలవాలి. పిలిచి చెప్పాలి. 'ఆయన కాదు, నేను.' మూడు మాటలు. రోజూ వేలకొద్దీ మాటలు పుట్టించే మనిషికి ఆ మూడూ గొంతు దాటలేదు. మినెకోకి వినపడదు కదా అని ఒక క్షణం అనుకుంది. కిటికీల వెనక వాళ్ళకు వినపడుతుంది కదా అని ఆ మరుక్షణమే అనుకుంది. ఆగింది ఆ రెండోదానికే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

రియోజి తిరిగి వస్తూ మలుపులో ఆమెను చూశాడు. నుదుటి మీద చెక్క చారలు అచ్చుపడ్డాయి.

"నా జోళ్ళు వేసుకున్నావు."

"ఇటు రండి." ఆమె ఆయన్ని బట్టలుతికే యంత్రాల రేకు పందిరి కిందికి లాగింది. ఎవరివో దుప్పట్లు లోపల తిరుగుతున్నాయి. ఆ చప్పుడు చాటున చెప్పింది. నక్క సంగతి, కానుక సంగతి, అలమరలో మోగింది ఏమిటో. చెబుతున్నంతసేపూ ఆయన దుప్పట్లు తిరగడమే చూశాడు.

చివరికి ఒక్కసారి నవ్వాడు. గట్టిగా కాదు.

"ఏం రాసిందో తెలుసా ఆవిడ? 'నిన్నటి నుంచి నేనే సరిగ్గా చదవలేదేమో అనుకుంటున్నాను. నా తప్పు కాదని చెప్పినందుకు సంతోషం' అని రాసింది. మొగుడి టేపులు పోగొట్టుకున్న మనిషి, సంతోషం అని."

"నేను వెళ్ళి చెబుతాను. ఇప్పుడే."

"వద్దు."

"వద్దంటే ఎలా? మీరు చెయ్యని దానికి..."

"నీ పని యంత్రంలో వేరేది ఏదీ పెట్టకూడదని మీ వాళ్ళ నియమం. అవునా?"

"అవును."

"పెట్టావని తెలిస్తే?"

బృందం జాబితాలోంచి ఆమె పేరు తీసేస్తారు. చెవిటివాళ్ళు నమ్మకంతో చేతిలో పెట్టుకునే తెర అది. అందులో చిన్న మచ్చని కూడా బృందం సహించదు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

"నీ పేరు పోతే మనం ఏం తింటాం? ఆ సంగతి వదిలెయ్. మినెకో గారు ఆసుపత్రికి వెళితే, ఇంకో మీటింగుకు వెళితే, ఎవరు రాస్తారు? నాకేముంది పోవడానికి? రేవు పోయింది. పడవ పోయింది. పగలంతా ఇంట్లో కూర్చునే మొగుడని ఈ వరసంతా ఎప్పుడో తేల్చేసింది. ఇవాళ దానికి కారణం కూడా దొరికింది వాళ్ళకి."

"నా కోసం ఇంత చెయ్యద్దు."

"నీ కోసమా?" అప్పుడు ఆయన ఆమె వైపు తిరిగాడు. ఉదయం నుంచి రాని కోపం ఇప్పుడు కళ్ళలోకి వచ్చింది. గొంతు మాత్రం పెరగలేదు. "అలమర తలుపు తీశావు. నా ఆటల డబ్బా లాగావు. దాని తీగ చుట్టచుట్టి, తాడుతో కట్టి దాని మీదే పెట్టి ఉంది. కొత్త సంవత్సరం నాడు నేనే కట్టాను. విసిరేటప్పుడు నీ చేతికి తగల్లేదా ఆ తాడు?"

తగిలింది. గరుకుగా తగిలింది. చేపల రేవు తాడు. ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది.

"తగిలినా నీ మనసుకి ఆనలేదు. నేనే అని నువ్వు ముందే అనేసుకున్నావు. అందుకే సరేనన్నాను. ఇప్పుడు వెళ్ళి నువ్వు నిజం చెప్పేస్తే నీ మనసు తేలికపడుతుంది. నాకు మాత్రం ఏం మిగులుతుంది? ఉండనీ. ఈ తప్పు నా దగ్గరే ఉండనీ."

యంత్రం ఆగి కూత పెట్టింది. దుప్పట్ల కోసం ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు వినబడి ఇద్దరూ రెండు దారుల్లో ఇంటికి నడిచారు.

*

కజుయో నక్కను తీసేసింది. తీసేయమని రియోజే చెప్పాడు, తలుపు దగ్గర కోటు దులుపుకుంటూ, 'ఆ చెత్త ముందు తీసెయ్' అని, కిటికీ అద్దం తుడవమన్నంత మామూలుగా. తొలగించమని నొక్కితే నక్క చెవులు వాల్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. 'నిజంగానే వెళ్ళిపొమ్మంటారా?' అంది. కజుయో మళ్ళీ నొక్కింది. పూలచీట్లు పోయాయి, కోటలు పోయాయి, దుకాణం పోయింది. తెర ఆమె పనిలోకి మొదట వచ్చిన రోజంత శుభ్రంగా మిగిలింది. ఇక తను నిజం చెప్పాలన్నా చూపించడానికి ఏమీ లేదు. ఆ సంగతి తీసేశాక తట్టింది. ముందే తట్టిందేమో.

ఉమెనో కాళ్ళబల్ల దగ్గర్నుంచి లేచింది. నడుం పట్టుకుని, దుప్పటి ఒంటికి చుట్టుకుంది.

"నాకు చెవుడు రాలేదు. మీరిద్దరూ ఏం తేల్చుకున్నారో తెలిసింది. నేను నోరు విప్పను. విప్పితే ఈ ఇంటి కూడే పోతుంది. వాడి తల్లినై ఉండీ విప్పను."

"అత్తయ్యగారూ..."

"కానీ నీ చేతి చారు మాత్రం ఇక నాకు వద్దు. నేనే కాచుకుంటాను."

ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి, మామగారి ఫోటో ముందు అగరొత్తి వెలిగించింది. జారుడు తలుపు మూసుకుంది. రియోజి కూడా ఆ గదిలోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అట్ట తలుపు అది. ఊపిరి తీసినా ఇవతలకు వినపడుతుంది. ఇవతలి మాటా అంతే.

నెల మారి గిగా మళ్ళీ నిండడంతో ఒరిహారా గారి ముఖం ఆగకుండా తెర మీదికి వచ్చింది. ఎప్పుడూ పౌడరు చెదరని మనిషి. ఇవాళ కళ్ళ కింద వాపు కనబడింది.

"కజుయో గారూ, ముందు నా సంగతి చెబుతాను. ఆ రోజు మీ సగాలు రావడం లేదని నాకు మధ్యలో తెలిసింది. అందినవి నేనే పూరించాను. ఆ ఒక్కటి జారిపోయింది. అప్పటికే అధికారి తరవాతి వాక్యంలోకి వెళ్ళిపోయాడు. ఆపమని చెయ్యెత్తాల్సింది. ఎత్తలేదు. బృందానికి ఇదే రాసి పంపాను."

"మీ తప్పేముంది అందులో?"

"ఉంది. ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి కదా, మరి మన మాట మీదే బతికేవాళ్ళు ఉన్నప్పుడు?" ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మినెకో గారు ఇందాక సందేశం పంపారు. మీ ఆయన వచ్చి క్షమాపణ అడిగారట. ఆటల కంప్యూటర్ దానంతట అది గిగా మింగేసిందని చెప్పారట. నిజమేనా?"

తలుపు అవతల చప్పుడు లేదు.

"అవును," అంది కజుయో.

"అడగాల్సి ఉంది కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీ పని యంత్రం చూసుకున్నారా? అందులో అలాంటిదేమీ లేదు కదా?"

"చూశాను. ఏమీ లేదు."

చెప్పిన రెండో మాట నిజమే. ఇప్పుడు ఏమీ లేదు.

"హమ్మయ్య." ఒరిహారా గారి భుజాలు దిగాయి. "నాకు తెలుసు. మీ సంగతి నాకు తెలియదూ? అయినా అడగాలి కదా. బృందంలో ఇద్దరు ముగ్గురు ఏదేదో అన్నారు. నేను కొట్టిపారేశాను. కజుయో గారి యంత్రం వంటింట్లో పీటలా ఉంటుంది, కడిగిందే కడుగుతుంది అన్నాను." నవ్వబోయి మానుకుంది. "ఇంకో విషయం. మినెకో గారి కోరిక ఇది, నాది కాదు. కాదనడానికి నాకు మనసొప్పలేదు."

"చెప్పండి."

"వచ్చే ఆదివారం చెవిటివాళ్ళ సంఘం కూడుతోంది. మిగతా ఊళ్ళ నుంచి కూడా వస్తారు. ఇంకా ఇళ్ళు పడగొట్టాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు అందులో. తెర మీద కనబడ్డదే పూర్తి మాట అనుకోవద్దని వాళ్ళకు తెలియాలి అంటున్నారు మినెకో గారు. అందుకని మీ ఆయన వచ్చి, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పాలట. తిట్టడానికి కాదు. ఆయన నిజాయితీగా వచ్చి ఒప్పుకున్నారు, అలాంటి మనిషి చెబితే అందరూ వింటారు అని రాశారు."

కజుయో తల తిప్పకుండా తలుపు వంక చూసింది. అగరొత్తి వాసన కిందినుంచి సన్నగా వస్తోంది.

"ఆదివారం రాసేది మీరూ నేనే. మినెకో గారు మీరే కావాలన్నారు. మొగుడి తప్పుకు మిమ్మల్ని దూరం పెడితే బాగుండదని ఆవిడ ఉద్దేశం. ఎంత పెద్ద మనసో చూడండి. మీకేమైనా ఇబ్బందా?"

"లేదు."

"మీ ఆయనకి?"

"ఆయనకి..." దగ్గి గొంతు సరిచేసుకుంది. "ఆయనకీ ఉండదు."

"అయితే ఒక్క సాయం చెయ్యండి. ఆయన ఎప్పుడూ నలుగురి ముందు మాట్లాడినవారు కారు కదా. ఏం చెబుతారో ముందే రాయించి పంపితే, ఆ రోజు ఒక్క మాట కూడా జారిపోదు. మనం మామూలుగా తెప్పించుకునేదే కదా, ఉపన్యాసాలకి. ఆయన పక్కన కూర్చుని మీరే రాయండి. ఆ యంత్రం ఎప్పటి నుంచి ఉందో, ఎలా వదిలేశారో, మీకు ఎలా తెలిసిందో, అన్నీ. దాచకుండా."

"అలాగే."

"రేపటికి ఇస్తారా?"

"ఇస్తాను."

ఒరిహారా గారు తల వంచి నమస్కరించింది. కజుయో కూడా వంచింది. తెర నల్లబడింది. ఆ నల్లని అద్దంలో తన ముఖం కనబడి మూత వేసేయబోయింది.

అట్ట తలుపు జారింది. రియోజి వచ్చి ఆమెకు ఎదురుగా, కాళ్ళబల్లకు అవతల కూర్చున్నాడు. నుదుటి మీది చెక్క చారలు ఇంకా పోలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకున్నాడు, బడిలో పిల్లవాడిలాగా.

"మూత వెయ్యకు," అన్నాడు. "రాసుకో. నేను ఆ ఆటల డబ్బాని ఎప్పుడు కొన్నానంటావు?"